పిలిచింది నేనే

నాకు కిడ్నీలో రాళ్లని ఊరందరికీ చెప్పింది నేనే. ఆ అబద్ధానికి కావలసిన హంగులన్నీ కూడా నేనే సమకూర్చాను. ఎంతెంత ఉన్నాయని ఎవరైనా అడిగితే చిటికెన వేలి కొస చూపించి "ఇంతింత" అనేవాడిని. నిజానికి నాకు వచ్చింది ప్రోస్టేట్ క్యాన్సర్. ఆ మాట అంటే అది ఒంట్లో ఎక్కడుంటుందో కూడా చెప్పాలి. అరవై నాలుగేళ్లవాడిని, నలుగురి తగవులు తీర్చిన వెంకటరామప్పను, పాల డైరీ ముందు క్యాను పట్టుకుని నిలబడి అది ఎక్కడుంటుందో ఎలా చెప్పేది? చస్తే చెప్పను అనుకున్నాను. చావలేదు. అందుకే ఇదంతా జరిగింది.

కొవిడ్ రావడానికి ముందటి ఏడు అది. బెంగళూరులో ముప్పై ఏడు సార్లు కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకుని ఉగాది దాటాక ఇంటికొచ్చాను. పైన మూడు నెలలకో సూది. సంగతి నా భార్య సొన్నమ్మకు, మా దగ్గరి నరసాపురం మోటారుబండ్ల ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు మునిరాజుకు తెలుసు. కోడలు గిరిజకు చెప్పొద్దని ఇద్దరి దగ్గరా ఒట్టు వేయించుకున్నాను. కోడలి దగ్గర మామకు ఆ మాత్రం మర్యాద మిగలాలి కదా అనుకున్నాను.

చివరిసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరమ్మ కాగితాలన్నీ తిరగేసి, రోగం అదుపులో ఉందని చెప్పింది. నా కూతురంత వయసుంటుంది ఆమెకు. మునిరాజు మందుల కోసం కిందికి వెళ్లి ఉన్నాడు. ఆమె పెన్ను పక్కన పెట్టి, "ఈ అలసట మాత్రం తొందరగా పోదప్పా. నెలలు పట్టొచ్చు, ఏళ్లు కూడా పట్టొచ్చు. మీరు సోమరిపోతు అయిపోయారని అనుకోవద్దు. ఇంట్లో వాళ్లకు చెప్పండి, పని పంచుకోండి, రోజూ కొంచెం నడవండి," అంది. బుద్ధిగా తలూపాను. మెట్ల దగ్గర మునిరాజు ఎదురై ఏమన్నారని అడిగితే, "అంతా బాగుందంట" అన్నాను. మిగతా సగం మింగేశాను.

ఆ అలసట ఎలాంటిదో ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. పని చేస్తే వచ్చే అలసట నాకు కొత్త కాదు, ముద్ద తిని పడుకుంటే తెల్లారేసరికి పోతుంది. ఇది పడుకుని లేచాక కూడా అక్కడే ఉండేది. చిల్లి పడిన బిందెలో నీళ్లు పోసినట్టు, ఎంత నిద్రపోయినా ఒంట్లో ఏమీ నిలిచేది కాదు. పళ్లు తోముకుని మంచం మీద కూర్చుంటే మళ్లీ లేవడం ఒక పెద్ద పని. దానికి తోడు ఆ సూది వల్ల ఉన్నట్టుండి ముఖంలోకి ఆవిరి కొట్టి చెమటలు కారేవి. సొన్నమ్మ విసనకర్ర పట్టుకుని, "నాకు పదేండ్ల కింద వచ్చి పోయినాయి గదయ్యా ఇవి. నీకు ఇప్పుడొచ్చినాయా?" అని నవ్వింది. పాపం, నన్ను నవ్విద్దామనే అంది. నేను విసనకర్ర లాక్కుని అవతల పారేశాను.

మాది పట్టుపురుగులు పెంచే ఇల్లు. మేముండే ఇంటికి ఆనుకుని పురుగుల ఇల్లు, దాని వెనక రెండెకరాల మల్బరీ తోట. నేను ఆస్పత్రుల చుట్టూ తిరిగినన్నాళ్లూ అత్తాకోడళ్లే రెండు పంటలు తీశారు. గిరిజ చేతి చురుకు చూసి సొన్నమ్మ కూడా మెచ్చుకునేది. వినాయక చవితి అయ్యాక మూడో పంట పెట్టారు. అప్పుడే ఒక రోజు డైరీ దగ్గర బచ్చప్ప నా వంక చూసి, "ఏమన్నా, రాళ్లు తీసేసి ఆరు నెలలాయె, ఇంగా మంచం ఇడవలేదంటే? కోడలు గట్టిది దొరికినాది, నీకేమిలే!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి, ఈ పంటకు ఆకు పని మొత్తం నాదే, ఎవరూ చెయ్యి పెట్టొద్దని చెప్పేశాను.

"నీకు అయితాదా?" అంది సొన్నమ్మ.

"ఏం, నేను చచ్చినాననుకున్నావా?" అని అరిచాను. ఇంక ఆమె అడగలేదు.

పట్టుపురుగు నాలుగోసారి కుబుసం విడిచాక వారం రోజులు తింటుంది చూడండి, అదే అసలు తిండి. ఆ వారంలో ఆకు రెండు పూటలా కోయాలి, పొద్దున్నే ఒకసారి, ఎండ తగ్గాక ఒకసారి. వాన తడి ఉంటే దులిపి, నేలమీద పల్చగా పరిచి ఆరనివ్వాలి. కుప్ప పోస్తే లోపల ఉడికిపోతుంది. ఉడికిన ఆకు తిన్న పురుగు బతకదు. ఇది మా ఇళ్లలో బడికి పోయే పిల్లలకు కూడా తెలుసు.

ఆ వారం మధ్యలో సొన్నమ్మ ముళబాగిలులో చెల్లెలి మనవడి పుట్టువెంట్రుకలకు పోవలసి వచ్చింది. రెండు రోజుల పని. బస్సుకు బయలుదేరుతూ, "గిరిజ బయట చేరినాది. నువ్వే చూసుకోవాలయ్యో," అని గుర్తు చేసింది. మా ఇంట్లో వంటింటి దగ్గర ఆ పట్టింపు ఎప్పుడో పోయింది. పురుగుల ఇంటికీ, మల్బరీ తోటకూ మాత్రం పోలేదు. ముట్టయిన ఆడమనిషి పురుగుల ఇంట్లో కాలు పెడితే పంట పోతుందని మా ఊళ్లో నమ్మకం. చదువుకున్నవాళ్లు కూడా ఎందుకొచ్చిన గొడవ అని ఆ గడప తొక్కరు. గిరిజ కూడా ఎప్పుడూ తొక్కలేదు.

ఆ రెండు రోజులూ విడవకుండా ముసురు. మొదటిరోజు పొద్దున ఎలాగో ఆకు కోశాను. మోపు ఇల్లు చేర్చేసరికి సత్తువంతా అయిపోయింది. దులపలేదు. పరచలేదు. ఒక మూల కుప్ప పోసి, పైన ప్లాస్టిక్ పట్ట కప్పి, గోడకు ఆనుకుని కూలబడ్డాను. సాయంత్రం కోతకు పోనే లేదు, అందులోంచే తీసి వేశాను. మర్నాడు అసలు తోటలోకే పోలేదు. ఇంకా కుప్ప ఉంది కదా, ఒక్కరోజుకు ఏమవుతుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ రెండో రోజు మధ్యాహ్నమే పురుగులకు మేత వేళ దాటిపోయింది. మునిరాజు కంపెనీ బస్సులో డ్యూటీకి పోయాడు. నేను వసారాలో మంచం మీద ఉన్నాను. లేద్దామని కాళ్లు కింద పెట్టాను. అంతే, అక్కడే ఆగిపోయాను. నొప్పి లేదు, జ్వరం లేదు, లేవడం మాత్రం నా వల్ల కాలేదు. పక్క అరుగు మీద గిరిజ చింతపండు గింజలు తీస్తూ కూర్చుని ఉంది.

"గిరిజా, పురుగులకు యాళ దాటిపోయిందమ్మా. రవ్వంత ఆకేసి రా."

ఆమె లేచింది కానీ కదల్లేదు. "నేను బయట ఉండాను గదా మామా. అత్త చెప్పలేదా?"

"చెప్పినాదిలేమ్మా. ఎవురు చూస్తారు? నాకు ఈ పొద్దు లేసేదానికి కాలా."

ఆ మాట ఒక మనిషితో పైకి అనడం అదే మొదలు. ఆమె నా దగ్గరికి రెండడుగులు వేసింది. "ఏమైంది మామా? ఆయనకి ఫోన్ చెయ్యనా?"

"ఏమీ కాలా. పో, ఎయ్యి పో!" అని కసిరాను.

కాళ్లూ చేతులూ కడుక్కుని లోపలికి పోయింది. కాసేపటికి గడప దగ్గరికి వచ్చి, "మామా, కుప్పలో ఆకు వేడిగా ఉండాది. వాసన గూడా వస్తాంది. తోటలోకి పోయి కొత్తది కోసుకొస్తా," అంది.

"వద్దు. నువ్వు తోటలోకి పోతే ఊరంతా చూస్తారు. ఉన్నదే ఎయ్యి."

"మామా..."

"చెప్పినాను గదా!"

ఆమె వేసింది. వేసి బయటికి వచ్చేటప్పటికి వాకిట్లో ఎదురింటి చిన్నవెంకటమ్మ నిలబడి ఉంది. పురుగులు గూళ్లు అల్లుకునే వెదురు చంద్రికలు నాలుగు అరువు అడగడానికి వచ్చిందట. అరుగు మీద విడిగా చుట్టి పెట్టిన గిరిజ చాపను చూసింది, పురుగుల ఇంటి తలుపు వేస్తున్న గిరిజను చూసింది. చంద్రికలు అడగకుండానే వెళ్లిపోయింది.

సొన్నమ్మ తిరిగొచ్చిన మర్నాటికి పురుగులు మేత మానేశాయి. ముట్టుకుంటే మెత్తగా, రబ్బరు ముక్కల్లా చేతికి తగిలాయి. సాయంత్రానికి నల్లబడి కంపు కొట్టడం మొదలుపెట్టాయి. మా వైపు దాన్ని సప్పె రోగం అంటారు. కబురు పెడితే పట్టు శాఖవాళ్ల రేష్మె ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, ఒక పురుగును వేళ్లతో నొక్కి, మూల ఉన్న కుప్పను కాలితో కదిపి, "ఆకు ఉడికినాది కదప్పా. ఎవరు చూసినారు ఆకు?" అని అడిగాడు.

"ఇంట్లో అందరం ఏస్తాం సార్," అన్నాను. చూడండి నా తెలివి.

ఆయన పోయాక సొన్నమ్మ, "ఇన్నేండ్లు ఉడకని ఆకు ఈ పొద్దు ఉడికినాదా?" అంది. అప్పటికే చిన్నవెంకటమ్మ చెప్పవలసింది చెప్పేసింది. వాకిట్లో గిరిజను నిలబెట్టి అడిగింది సొన్నమ్మ. పక్కింటి వాళ్లు గోడ మీద నుంచి చూస్తున్నారు.

"నువ్వు లోపలికి పోయినావా?"

"పోయినా అత్తా."

"బయట ఉండి ఎందుకు పోయినావు?"

గిరిజ నా వైపు చూసింది. మూడు అడుగుల దూరంలో మంచం మీద కూర్చుని ఉన్నాను నేను. ఒక్క మాట చాలు. "నేనే పంపినాను" అని అంటే సరిపోయేది. కానీ ఆ తర్వాత ఎందుకు పంపావంటారు. లేవలేకపోయానంటే ఎందుకు లేవలేకపోయావంటారు, రాళ్లు తీసేసినవాడికి లేవలేని రోగమేమిటంటారు. ఇదంతా ఒక్క క్షణంలో నా తలలో తిరిగింది. భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాను. ముఖాన చెమట లేదు. తువ్వాలు దించేసరికి ఆమె చూపు తిప్పేసుకుంది.

"పురుగులు ఆకలిగా ఉండాయని పోయినా అత్తా," అంది.

సొన్నమ్మ అన్న మాటలు ఇక్కడ రాయలేను. కాలు పెట్టిన వేళ దగ్గర మొదలుపెట్టి, ఇంకా కడుపు పండలేదన్న దాకా పోయింది.  సాయంత్రం మునిరాజు వచ్చి, చచ్చిన పురుగులను గంపలకెత్తి గుంతలో పోసి సున్నం చల్లాడు. చేతులు కడుక్కుంటూ పెళ్లాంతో, "కొన్నాళ్లు మీ అమ్మోళ్ల ఇంటికి పోయి రా. ఇక్కడ చల్లబడనీ," అన్నాడు. తెల్లవారి మొదటి బస్సుకు ఆమె వెళ్లిపోయింది. వెళ్లేముందు, "మాత్రలు గూట్లో పెట్టినాను మామా," అని మాత్రం చెప్పింది.

తర్వాతి రోజుల్లో అందరూ నా మీద జాలి చూపించారు. అది నాకు పెద్ద శిక్ష. డైరీ దగ్గర "ఇంట్లో అట్లాంటి కోడలుంటే ఏం చేస్తావన్నా" అనేవాళ్లు. నేను నిట్టూర్చేవాడిని. సిగ్గులేకుండా నిట్టూర్చాను, చెప్పాలి కదా.

తొమ్మిదో రోజున గిరిజ తండ్రి ఆంజినప్ప ఫోన్ చేశాడు. ఎంతో మర్యాదస్తుడు. "బావా, మా బిడ్డ తప్పు చేసినాది. చిన్నది, తెలీక చేసినాది. నా మొగం చూసి క్షమించు. ఏం శాంతి చేయించాలో చెప్తే నేనే వచ్చి చేయిస్తా," అన్నాడు.  నా తప్పుకు ఆయన నన్ను క్షమాపణ అడుగుతున్నాడు.  

మర్నాడు సొన్నమ్మతో బంగారుపేట సంతకని చెప్పి ముళబాగిలు బస్సెక్కాను. ముళబాగిలు స్టాండులో దిగి బెంచీ మీద కూర్చుంటే, మళ్లీ లేవడానికి గంట పట్టింది. నేనెక్కవలసిన బస్సులు రెండు నా కళ్లముందే పోయాయి. మూడోదాన్ని ఎక్కి ఆంజినప్ప ఊరు చేరేసరికి మధ్యాహ్నమయింది. ఆయన పరుగున వచ్చి కాళ్లకు నీళ్లిచ్చాడు. ఆ చెంబు అందుకోవడానికి కూడా నాకు ముఖం చెల్లలేదు.

మంచినీళ్లు తాగి, ఆ ఇంటి వసారాలో మొత్తం చెప్పాను. రాళ్లు కాదని, ఏ రోగమో, ఎక్కడ వచ్చిందో, ఆకు ఎలా ఉడికిందో, ఎవరు ఎవరిని పిలిచారో అన్నీ చెప్పాను. ఆంజినప్ప తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. గడప దగ్గర గిరిజ నిలబడి ఉంది.

"ఆ పొద్దు మీకు చేతకాలేదని నాకు తెలుసు మామా," అంది. "మీ మొగం చూస్తేనే తెలిసినాది. అందుకే లోపలికి పోయినా. దానికి నాకు కోపం లేదు. అత్త అడిగినప్పుడు మీ తట్టు చూసినా గదా, అప్పుడు మీరు తువ్వాలు కప్పుకున్నారు."

"తప్పేనమ్మా. అందుకే చెప్పేదానికి వచ్చినా."

"ఇక్కడ చెప్తే ఏమొస్తాది మామా? నన్ను అన్నది ఇక్కడ కాదు గదా."

ఆంజినప్ప "ఏయ్, పెద్దాయనతో అట్లనా" అని గదమాయించబోయాడు. నేను వద్దన్నాను. ఆమె అన్నదాంట్లో తప్పేముంది?

ఆ మర్నాడు పొద్దున డైరీ ముందు ఎప్పటిలాగే క్యానులు వరసలో ఉన్నాయి. బచ్చప్ప ఉన్నాడు, చిన్నవెంకటమ్మ ఉంది, ఇంకో పాతికమంది ఉన్నారు. నా క్యాను కింద పెట్టాను.

"అందురూ ఒక మాట ఇనండప్పా. నాకు రాళ్లు లేవు. నాకు వచ్చినాది క్యాన్సరు."

"అయ్యో, యాడన్నా?" అంది చిన్నవెంకటమ్మ.

చెవులు కాలిపోయాయి. అది సూది వల్ల వచ్చిన ఆవిరి కాదు. "ఉచ్చసంచి కింద. మగోళ్లకుండే గ్రంథికి," అన్నాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదేమో అనిపించింది.

"బాగు చేసినారు గానీ సత్తువ లేదు. ఈ అలసట తొందరగా పోదని బెంగళూరు డాక్టరమ్మ చెప్పినాది. లేసి నిలబడేదానికి కాని పొద్దులు ఉండాయి. పురుగుల ఇంట్లోకి గిరిజను పిలిచింది నేనే. బయట ఉండానని చెప్పినాది, అయినా పంపినా. ఆకు ఉడికినాదని చెప్పినాది, అదే ఎయ్యమన్నా. రెండు రోజులు ఆకు పరచకుండా కుప్పేసింది గూడా నేనే. పంట పోయింది నా చేతుల్లో. మీరంతా ఆ యమ్మను అంటాంటే ఇని ఊరుకున్నా."

పాలు కొలిచే అబ్బాయి చెయ్యి కూడా ఆగిపోయింది. చిన్నవెంకటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరో లోపలి నుంచి స్టూలు తెచ్చి నా పక్కన పెట్టారు. ఇన్ని నెలలూ ఏ స్టూలు నా పక్కన పెడతారోనని భయపడ్డానో, దానిమీదే కూర్చున్నాను. కూర్చోకపోతే పడిపోయేవాడిని. తిరిగి వస్తుంటే బచ్చప్ప నా క్యాను తను పట్టుకుని నా వెంట నడిచాడు. సందు మలుపులో ఆగి, అటూ ఇటూ చూసి, "నాకు గూడా రెండేండ్లుగా ఉచ్చ సరిగా వస్తాలేదన్నా. ఆ డాక్టరమ్మ యాడుంటాది?" అని అడిగాడు.

ఇల్లు చేరేసరికి సొన్నమ్మకు సంగతి చేరిపోయింది. పొయ్యి ముందు ఊరికే కూర్చుని ఉంది.

"అలసట పోదని డాక్టరమ్మ చెప్పిందంట గదా. నాకు గూడా చెప్పలా నువ్వు," అంది. "నేను ఆ బిడ్డను ఏమేమి అన్నానో నీకు తెలుసు. ఇంట్లోనే ఉండావు. అన్నీ ఇన్నావు. నన్ను ఒక్క మాట ఆపలా." ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే తట్టుకునేవాడిని. 

తర్వాతి ఆదివారం తల్లీకొడుకులిద్దరూ వెళ్లి పిలిచారు. గిరిజ వెంటనే రాలేదు. దీపావళి దాటాక వస్తానంది, చెప్పినట్టే దీపావళి దాటాకే వచ్చింది. వచ్చిన రోజు సొన్నమ్మ ఎదురెళ్లి సంచి అందుకుని, ఏదో అనబోయి, అనలేక, సంచి పట్టుకుని ముందు నడిచింది. మునిరాజు బండి దగ్గరే ఆగిపోయి దాని అద్దం తుడుస్తూ నిలబడ్డాడు.

మధ్యాహ్నం అందరం వసారాలో భోజనానికి కూర్చున్నాం. గిరిజ నాకు ముద్ద వడ్డించి, చారు పోసి, గిన్నె కింద పెట్టింది. నేను పళ్లెంలోకే చూస్తున్నాను.

"మామా," అంది. "మీకు చేతకాని పొద్దు నన్ను పిలవండి, ఏ పనికైనా వస్తా. పిలిచేది మాత్రం అందురూ ఉన్నప్పుడు పిలవండి."

మునిరాజు తినడం ఆపాడు. సొన్నమ్మ నా వైపు చూసింది.

"అట్లేనమ్మా," అన్నాను. ఆ రెండు ముక్కలూ తలెత్తి చెప్పలేకపోయాను.